షంటింగ్ ఇంజన్ నడిచి నడిచి ఆగిపోతోందా? పంపు విప్పే ముందు డీజిల్ ట్యాంకు చూడండి

బొగ్గు గనుల సైడింగుల్లో, సిమెంటు ఫ్యాక్టరీల్లో ఏళ్లుగా నిలబడిపోయిన పాత డీజిల్ షంటింగ్ ఇంజన్‌ను (వ్యాగన్లను అటూ ఇటూ జరిపే రైలింజన్‌ను) తుక్కుకు పోనివ్వకుండా మళ్లీ నడిపించాలని చూస్తున్న వాళ్ల కోసం ఇది. స్టార్ట్ చేసే ముందు ఇంజన్‌ను చేత్తో తిప్పడం, సిలిండర్లలో నీళ్లు లేవని తేల్చుకోవడం, ఆయిల్ మార్చడం మీకు తెలిసే ఉంటుంది. ఒక్కటి మాత్రం మళ్లీ చెప్తాను: డీజిల్ పంపు ర్యాక్ (ఇంజన్‌కు వెళ్లే డీజిల్‌ను పెంచే, తగ్గించే కడ్డీ) రెండు వైపులా ఫ్రీగా కదలాలి. అది ఫుల్ దగ్గర పట్టేసి ఉంటే స్టార్ట్ అయిన వెంటనే ఇంజన్ అదుపు తప్పి రేస్ అవుతుంది, అప్పుడు గాలి దారి మూసి ఆపాల్సి వస్తుంది. దానికి సరిపోయే గట్టి పలక ఒకటి పక్కనే పెట్టుకోండి, చెయ్యి అడ్డం పెట్టొద్దు.

సమస్య: సెల్ఫ్ బరువుగా తిరుగుతోంది.
కొత్త బ్యాటరీలు కొనొద్దు. ముందు ఎర్త్ చూడండి. మల్టీమీటర్ ఒక వైరు బ్యాటరీ నెగటివ్‌కు, ఇంకోటి ఇంజన్ బ్లాకుకు పెట్టి సెల్ఫ్ కొట్టించండి. 24 వోల్టుల సిస్టంలో అర వోల్టు దాటి చూపిస్తే తప్పు ఎర్త్ కేబుల్‌దే. ఫ్రేమ్ మీద తుప్పు, పెయింటు గీకి మెరిసే ఇనుము మీద బిగించండి.

సమస్య: బాగా స్టార్ట్ అవుతుంది, కొంతసేపు నడుస్తుంది, రేస్ పడిపోయి ఆగిపోతుంది. ఎయిర్ తీస్తే (డీజిల్ పైపుల్లో చేరిన గాలిని బయటికి వదిలితే) మళ్లీ నడుస్తుంది.
దీనికి దాదాపు అందరూ చేసేది ఒకటే, పంపు విప్పి వర్క్‌షాపుకు పంపడం, నాజిళ్లు (సిలిండర్లలోకి డీజిల్ చిమ్మేవి) మార్చడం. డబ్బులు పోతాయి, ఇంజన్ మాత్రం మళ్లీ అలాగే ఆగుతుంది. ముందు చేయాల్సింది ట్యాంకు మూత తీసి నడపడం. మూత తీస్తే బాగా నడిచిందంటే ట్యాంకు గాలి రంధ్రం మూసుకుపోయింది, చాలాసార్లు అందులో కందిరీగల మట్టి గూడు ఉంటుంది. రెండు నిమిషాల పని ఇది, అయినా ఎవరూ చేయరు.

మూత తీసినా ఆగిపోతుంటే డీజిల్‌లోకి ఎక్కడో గాలి చేరుతోంది. నాజిల్ తెరుచుకోవాలంటే ఇంజన్‌ను బట్టి దాదాపు 200 బార్ ఒత్తిడి కావాలి, డీజిల్ అయితే ఆ ఒత్తిడిని మోస్తుంది, గాలి అయితే నొక్కుకుపోతుంది, నాజిల్ తెరుచుకోదు. అందరూ లీక్ కోసం కింద డీజిల్ మరకలు వెతుకుతారు. ట్యాంకు నుంచి లిఫ్ట్ పంపు (డీజిల్ లాగి అసలు పంపుకు అందించే చిన్న పంపు) దాకా ఉన్న పైపు లోపలికి పీల్చే పైపు, అక్కడ చిల్లు ఉంటే డీజిల్ బయటికి కారదు, గాలి లోపలికి పోతుంది. పైన అంతా పొడిగానే ఉంటుంది.

ఈ పైపులో నేను మళ్లీ మళ్లీ చూసిన దొంగ చోటు ట్యాంకు లోపలే ఉంది. పై నుంచి ట్యాంకు అడుగు దాకా దిగే ఇనుప పైపు ఉంటుంది కదా, ఇంజన్ మూలకు పడి ఉన్న రోజుల్లో ట్యాంకులో తేమ చేరి ఆ పైపు మధ్యలో తుప్పు తినేస్తుంది, సూది మొనంత చిల్లు పడుతుంది. ట్యాంకు నిండుగా ఉన్నంతసేపు ఆ చిల్లు డీజిల్‌లో మునిగి ఉంటుంది కాబట్టి ఏ ఇబ్బందీ రాదు. మట్టం దాని కిందికి దిగగానే, చిల్లు పడ్డ స్ట్రాతో కొబ్బరినీళ్లు తాగినట్టు, గాలి కలిసి వస్తుంది. మంచిర్యాల దగ్గర ఒక ఇంజన్ పొద్దున బాగా నడిచి సాయంత్రం ఆగిపోయేది. వేడికి పంపు అరిగిందని అందరూ నమ్మారు, పంపు రిపేరు కూడా చేయించారు. సాయంత్రానికి ట్యాంకు సగం అవుతోందని ఎవరూ చూడలేదు. అందుకే ఆగిన ప్రతిసారీ ట్యాంకులో కర్ర ముంచి మట్టం రాసుకోండి. ప్రతిసారీ ఒకే మట్టం దగ్గర ఆగుతుంటే ఇంక అనుమానం అక్కర్లేదు.

ఖాయం చేసుకోవడానికి శుభ్రమైన డబ్బాలో డీజిల్ పోసి, పంపు కంటే ఎత్తులో పెట్టి నేరుగా లిఫ్ట్ పంపుకు కలపండి. గంటసేపు ఆగకుండా నడిస్తే మీ పంపు, నాజిళ్లు బాగున్నట్టే. తర్వాత అసలు పైపు కలిపి, లిఫ్ట్ పంపు ముందు జానెడు పారదర్శక ప్లాస్టిక్ పైపు పెట్టండి. బుడగలు మీకే కనిపిస్తాయి. బయటి జాయింట్ల మీద సబ్బు నురగ రాసి, ట్యాంకు వైపు కొన మూసి, పైపులోకి 3 నుంచి 5 పీఎస్ఐ గాలి మాత్రమే ఇవ్వండి. అన్నీ బాగుండి బుడగలు ఇంకా వస్తుంటే లోపలి పైపు పీకి, ఒక కొన మూసి, నీళ్ల బకెట్‌లో ముంచి గాలి ఊదండి. అతుకులు వేయొద్దు, అదే కొలతకు కొత్త పైపు చేయించండి, వరంగల్ ఆటోనగర్ లాంటి చోట పూటలో పని అయిపోతుంది. పైపు ట్యాంకు మీద ఉండగా మాత్రం వెల్డింగ్ వద్దు, డీజిల్ ఆవిరి ఉన్న ట్యాంకు పేలుతుంది. పైపులు విప్పినప్పుడే రాగి వాషర్లన్నీ కొత్తవి వేయండి. పాత రబ్బరు గొట్టాలు కూడా మార్చండి, పైకి బాగున్నా లోపలి పొర ఊడి దారి మూసేస్తుంది.

పొగ గురించి క్లుప్తంగా: నల్ల పొగ అయితే ముందు ఎయిర్ ఫిల్టర్ చూడండి. తెల్ల పొగ ఇంజన్ వేడెక్కాక పోతే పట్టించుకోకండి, పోకపోతే కంప్రెషన్ చూడండి. నీలి పొగ పిస్టన్ రింగులు పట్టేసినప్పుడు వస్తుంది, కొన్ని గంటలు నడిపాక కొన్నిసార్లు తగ్గుతుంది.

గవర్నర్ (ఇంజన్ వేగాన్ని అదుపులో ఉంచేది) స్ప్రింగు పాడవడం, పంపు లోపలి అరుగుదల నిజంగా ఉంటాయి, కానీ అరుదు. అంతా చూశాక కూడా పంపు విప్పాల్సి వస్తే, విప్పకముందే కప్లింగ్ (పంపును ఇంజన్‌కు కలిపే భాగం) మీద, ఇంజన్ మీద టైమింగ్ గుర్తులు పంచ్‌తో కొట్టుకోండి, పెయింటు గుర్తు డీజిల్ తగిలితే చెరిగిపోతుంది.