అతిస్పందన పాఠాలు – 3: ఎంతసేపటికి మొదలైంది?

పోయిన పాఠంలో ఐజీఈ (అలర్జీలో పనిచేసే యాంటీబాడీ, అంటే ఒంట్లో తయారయ్యే రక్షణ ప్రోటీన్) గురించి, దానితో రేగే మాస్ట్ కణాల గురించి చదివాం. ఈసారి నేర్చుకునేది ఒక్కటే. రోగి చెప్పిన మాటలను బట్టి అది ఏ రకం అతిస్పందనో (రోగనిరోధక శక్తి అతిగా స్పందించి ఒంటికే హాని చేయడం) పసిగట్టడం. 1963లో గెల్, కూంబ్స్ అనే శాస్త్రవేత్తలు చేసిన నాలుగు రకాల విభజననే వాడుకుందాం.

ముందుగా అడగాల్సింది, "పడనిది తగిలిన ఎంతసేపటికి మొదలైంది?" అని.

నిమిషాల్లోనే పిల్లికూతలు, ఆయాసం వస్తే మొదటి రకాన్ని అనుమానించాలి. మాస్ట్ కణాలు వదిలే హిస్టమిన్, ల్యూకోట్రయీన్ అనే రసాయనాల వల్ల శ్వాసనాళాలు బిగుసుకుంటాయి. అలర్జీ ఉబ్బసం ఈ కోవలోదే. కొందరికి తేరుకున్న కొన్ని గంటలకు మళ్లీ ఆయాసం వస్తుంది. అదీ మొదటి రకమే. గంటలు అన్నారు కదా అని మూడో రకంలో వేసేయకండి.

మూడో రకం దగ్గర కాస్త ఆగుదాం. ఇందులో పడనిదీ, దానికి అంటుకున్న యాంటీబాడీలూ గుత్తులుగా పేరుకుని వాపు తెస్తాయి. బూజు పట్టిన ఎండుగడ్డిని కదిలించిన మనిషికి 4 నుంచి 8 గంటల తర్వాత చలిజ్వరం, పొడి దగ్గు, ఆయాసం వస్తాయి. పిల్లికూతలు సాధారణంగా ఉండవు, ఎందుకంటే దెబ్బ ముఖ్యంగా తగిలేది గాలిగదులకి. ఒకట్రెండు రోజుల్లో దానంతటదే తగ్గుతుంది. న్యుమోనియా అనుకుని యాంటీబయాటిక్ ఇచ్చి ఉంటే, మందుతోనే తగ్గిందని అందరూ నమ్ముతారు. ఆ మనిషి మళ్లీ అదే గడ్డి దగ్గరికి వెళ్తాడు. ఏళ్ల తరబడి ఇలాగే సాగితే ఊపిరితిత్తులు మచ్చకట్టి గట్టిపడతాయి, ఆ నష్టాన్ని వెనక్కి తిప్పలేం. ఏం పని చేస్తారు, పక్షుల్ని పెంచుతారా అని అడిగి ఉంటే తప్పేది కదా అనిపించే కేసులివి. దీని పేరు హైపర్‌సెన్సిటివిటీ న్యుమోనైటిస్. ఇందులో మూడో రకంతో పాటు నాలుగో రకానికీ వాటా ఉంది, గ్రాన్యులోమాలు (రక్షణ కణాలు గుమిగూడి కట్టే చిన్న గడ్డలు) కనిపించేది అందుకే.

నాలుగో రకం టి కణాల (ఒక రకం తెల్ల రక్తకణాలు) పని, యాంటీబాడీలతో నిమిత్తం లేదు. ఆ కణాలు చేరి స్పందించడానికి సమయం పడుతుంది. క్షయ కోసం చర్మంపై చేసే మాంటూ పరీక్షను 48 నుంచి 72 గంటల తర్వాత చదివేది ఇందుకే. క్షయలో ఊపిరితిత్తుల్లో కట్టే గ్రాన్యులోమా కూడా ఈ స్పందన ఫలితమే.

రెండో రకంలో యాంటీబాడీలు నేరుగా కణాలనో, కణజాలాన్నో పట్టుకుంటాయి. ఇక్కడ మాత్రం మన ప్రశ్న చాలాసార్లు పనిచేయదు, బయటి నుంచి తగిలే పడనిది అంటూ తరచుగా ఉండదు కాబట్టి. గుడ్‌పాశ్చర్ జబ్బులో యాంటీబాడీలు సొంత కొలాజెన్‌నే (కణజాలానికి ఆధారమిచ్చే ప్రోటీన్) పట్టుకుంటాయి. ఆ కొలాజెన్ ఊపిరితిత్తుల్లోనూ, మూత్రపిండాల్లోనూ ఉంటుంది. దగ్గితే రక్తం పడుతుంటే మూత్రం కూడా పరీక్షించాలి.

అభ్యాసం: చాలాకాలంగా ఉబ్బసం ఉన్న ఒకరికి గోధుమరంగు కఫం ముద్దలు పడుతున్నాయి. రక్తంలో ఈసినోఫిల్స్ (అలర్జీల్లో పెరిగే ఒక రకం తెల్ల రక్తకణాలు) పెరిగాయి. ఆస్పర్‌జిల్లస్ అనే బూజుకు వ్యతిరేకంగా ఐజీఈ, ఐజీజీ (మరో రకం యాంటీబాడీ) రెండూ ఎక్కువగా ఉన్నాయి. ఇది ఏ రకం? ఒక్క రకమే రాయాలని పట్టుబట్టకండి. జవాబు నాలుగో పాఠంలో చూద్దాం.