ఐర్లాండ్ మాట, 3వ పాఠం: 'యెస్' లేకుండా జవాబు చెప్పడం

పోయిన పాఠంలో బోర్డులు చదవడం నేర్చుకున్నాం. బస్సు ముందు 'అన్ లార్' అని ఉంటే అది ఊరి నడిబొడ్డుకు వెళ్తుంది. ఎమ్, ఎన్, ఎ అక్షరాలున్న తలుపు ఆడవాళ్ళ టాయిలెట్‌ది, ఎఫ్, ఐ, ఆర్ ఉన్నది మగవాళ్ళది. ఇంగ్లీషు అలవాటుతో చూస్తే ఈ రెండూ తారుమారుగా తోస్తాయి. ఇంకా తడబడుతున్నవాళ్ళు ఆ పాఠం ఇంకోసారి చూసుకుని రండి. ఈరోజు పని కళ్ళకు కాదు, చెవికీ నోటికీ.

ముందు ఈ మూడు మాటామంతీ పైకి చదవండి.

"డిడ్ యు ఈట్?" "ఐ డిడ్."
"ఈజ్ ఇట్ ఫార్?" "ఇట్స్ నాట్."
"విల్ యు కమ్ విత్ అస్?" "ఐ విల్."

మూడింటిలోనూ 'యెస్' లేదు, 'నో' లేదు. డబ్లిన్‌లో కాస్త తక్కువగా, పడమటి పల్లెల్లో బాగా ఎక్కువగా ఈ తీరు వినిపిస్తుంది. స్కూల్లో మనకు 'యెస్, ఐ డిడ్' అని మొత్తం చెప్పమని నేర్పారు. ఇక్కడివాళ్ళు మొదటి ముక్క వదిలేసి రెండోదే చెప్తారు. ఎందుకో తెలిస్తే ఇది బట్టీ పట్టక్కర్లేకుండానే నోటికి వస్తుంది.

ఐరిష్ భాషలో 'అవును', 'కాదు' అనే విడి మాటలు లేవు. ఏ క్రియతో అడిగారో ఆ క్రియతోనే జవాబు చెప్పాలి. ఉందా అంటే ఉంది, లేకపోతే లేదు. 'తా' అంటే ఉంది, 'నీల్' అంటే లేదు. ఐర్లాండ్ పార్లమెంటు దిగువ సభలో ఓట్లు లెక్కించి రాసేటప్పుడు ఇప్పటికీ ఒప్పుకున్నవాళ్ళను 'తా' కింద, ఒప్పుకోనివాళ్ళను 'నీల్' కింద రాస్తారు. మొదటిసారి ఇది తెలిసినప్పుడు నాకు ఒళ్ళు పులకరించింది. ఒక దేశం తన చట్టాలను 'ఉంది, లేదు' అని తేల్చుకోవడం తెలుగువాడికి ఎంత దగ్గరగా ఉంటుందో చూడండి.

పందొమ్మిదో శతాబ్దంలో, ముఖ్యంగా 1845లో మొదలైన బంగాళాదుంప కరువు తర్వాత, ఐరిష్ మాట్లాడే ఊళ్ళు చాలా వేగంగా ఇంగ్లీషుకు మారాయి. కరువులో దాదాపు పది లక్షల మంది చనిపోయారు, ఇంచుమించు అంతమందీ ఓడలెక్కారు. ఎక్కువగా దెబ్బతిన్నది ఐరిష్ మాట్లాడే పేద పల్లెలే. బతికినవాళ్ళు బతుకుదెరువు కోసం ఇంగ్లీషు పట్టుకున్నారు. మాటలు మారాయి గానీ వాక్యం కట్టే తీరు చాలావరకు పాతదే ఉండిపోయింది. మీరు ఇప్పుడు దుకాణంలో వినే 'ఐ డిడ్' వెనుక ఆ పాత భాష ఉంది. దీన్ని తప్పు ఇంగ్లీషు అనుకోకండి. దయచేసి ఎవరినీ దిద్దబోకండి.

ఇప్పుడు మన ఇంట్లో మాట వినండి. "తిన్నావా?" అని అమ్మ ఫోన్‌లో అడిగితే "అవును" అంటామా? "తిన్నా" అంటాం. "వస్తావా?" అంటే "వస్తా". మనకు 'అవును' ఉంది, అయినా ఇలాంటి చోట దాన్ని పెద్దగా వాడం. కాబట్టి ఈ పాఠానికి సూత్రం ఇదొక్కటే: జవాబును ముందు తెలుగులో అనుకోండి. తిన్నా, ఐ డిడ్. వస్తా, ఐ విల్. ఉంది, దేర్ ఈజ్. ఒక్క జాగ్రత్త. తెలుగులో 'నేను' వదిలేసినట్టు అక్కడ 'ఐ' వదిలేయకూడదు. ఉత్త 'డిడ్' అంటే ఎవరికీ అర్థం కాదు.

ఇది ఎందుకు నేర్చుకోవాలంటే, వాళ్ళలా వినిపించడం కోసం కాదు, పొరపాటు తప్పించుకోవడం కోసం. నేను వచ్చిన కొత్తలో ఒక ఆఫీసు కౌంటర్ దగ్గర జరిగింది చెప్తాను. కిటికీ అవతలి ఆవిడ "యు హావెంట్ ద ఫామ్ విత్ యు?" అని అడిగింది. ఫారం తేలేదా అని. మన లెక్కలో "ఆఁ, తేలేదు". అందుకని "యెస్" అన్నాను. ఆవిడ అద్దం కింది సందులోంచి చెయ్యి చాపి ఫారం కోసం ఎదురుచూసింది. నేను ఆవిడ చేతి వైపు చూస్తూ నిలబడ్డాను. వెనుక క్యూలో పదిమంది. టెన్షన్‌లో మళ్ళీ "యెస్, యెస్" అన్నాను. ఆ చెయ్యి అలాగే ఉంది. "ఐ హావెంట్" అని ఒక్క ముక్క అని ఉంటే అక్కడితో అయిపోయేది.

'లేదా?', 'రాలేదా?', 'తినలేదా?' అని అడిగినప్పుడు మన 'ఆఁ' ఒప్పుకోలు, ఇంగ్లీషు 'యెస్' దానికి సరిగ్గా ఎదురు. ఇందులో పడని తెలుగువాళ్ళు తక్కువ. క్రియతో జవాబిస్తే ఈ గొడవే ఉండదు. "డిడెంట్ యు గెట్ ద లెటర్?" "ఐ డిడెంట్." అంతే. ఆసుపత్రి, బ్యాంకు, అద్దె ఇల్లు, ఈ మూడు చోట్లా ఇది మిమ్మల్ని కాపాడుతుంది.

ఇక రెండో ముక్క, 'ఆఫ్టర్'.

మొదటి చలికాలం ఒక సాయంత్రం పక్కింటి పెద్దావిడ నన్ను వంటింట్లోకి పిలిచింది. లోపలికి అడుగు పెట్టగానే "ఐయామ్ ఆఫ్టర్ వెటింగ్ ద టీ" అంది. వెటింగ్ అంటే తడపడం కదా, టీ ఒలికిందేమో అని బల్ల వైపు చూశాను. బల్ల పొడిగానే ఉంది. దాని మీద ఉన్ని తొడుగు వేసిన టీపాట్, మూతి దగ్గర సన్నగా పొగ. టీ ఆకు మీద వేడినీళ్ళు పోసి కాచడాన్ని వాళ్ళు 'తడపడం' అంటారు. 'ఇప్పుడే టీ పెట్టాను' అని ఆవిడ చెప్పింది.

ఐరిష్‌లో 'తరేష్' అంటే తర్వాత. 'టీ పెట్టిన తర్వాత ఉన్నాను' అని ఆ భాష చెప్పే పద్ధతి. దాన్నే ఇంగ్లీషులో పెడితే 'ఐయామ్ ఆఫ్టర్' అయింది. వేరే దేశపు ఇంగ్లీషు విన్న చెవికి ఇది 'టీ కావాలి' అన్నట్టో, 'పెట్టబోతున్నాను' అన్నట్టో తోస్తుంది. రెండూ కాదు, పని అయిపోయింది, అదీ ఇప్పుడే. మన 'ఏశాను'కి ఇది బాగా దగ్గర. "షీజ్ ఆఫ్టర్ లీవింగ్" అంటే వెళ్ళిపోయింది, ఇప్పుడే. "యు ఆర్ ఆఫ్టర్ బ్రేకింగ్ ఇట్" అంటే పగలగొట్టేశావు. ఆ 'ఏశావు'లో ఉన్న చిన్న దెప్పు అక్కడ కూడా వినిపిస్తుంది. 'నేను రెండుసార్లు గాల్వే వెళ్ళాను' లాంటి పాత సంగతులకు దీన్ని వాడరు.

మీరు దీన్ని మాట్లాడనక్కర్లేదు, విని పట్టుకుంటే చాలు. ఇంటర్వ్యూలో, ఈమెయిల్‌లో అసలే వద్దు. యాసను అనుకరించడం కూడా నాకు నచ్చదు. ఒకరి ఇంటి మాటను వేషంలా వేసుకుంటే ఆ ఇంటివాళ్ళకు నొప్పి కలుగుతుంది.

అదే వంటింట్లో మూడోది కూడా విన్నాను. "విల్ ఐ పోర్ ఇట్?" 'షల్ ఐ' అని మన పుస్తకాల్లో ఉన్నచోట ఇక్కడ 'విల్ ఐ' అంటారు. పోయనా? దీనికి జవాబు "డూ." పొయ్యండి. "విల్ ఐ ఓపెన్ ద విండో?" "డూ." తెలుగులో అనుకుంటే ఎంత సులువో చూడండి, తీయనా, తియ్యండి.

ఇంకొక సంగతి. టీ కావాలా అంటే నేను వద్దన్నాను. "యు విల్" అంది. మళ్ళీ వద్దన్నాను. "ఆ, యు విల్" అంటూ కప్పు నా ముందు పెట్టేసింది. మొదటి 'వద్దు'ను అక్కడ వద్దుగా లెక్కపెట్టరు. మొహమాటం అనే మాటను ఇంగ్లీషులోకి ఎలా తెస్తామని మనవాళ్ళు బాధపడుతుంటారు గానీ, ఆ పెద్దావిడకు దాన్ని వివరించే అవసరమే రాలేదు. నిజంగా వద్దనుకుంటే "ఐ'మ్ ఓన్లీ ఆఫ్టర్ హావింగ్ వన్" అంటే వింటారు. ఇప్పుడే తాగొచ్చాను అని.

గడియారం విషయం క్షణంలో అయిపోతుంది. 'హాఫ్ సిక్స్' అంటే ఆరున్నర. ఐదున్నర కాదు. మనం ఎలా అంటామో అలాగే.

ఈ వారం అభ్యాసం. కింది ప్రశ్నలు ఒకరు అడగండి, ఇంకొకరు 'యెస్', 'నో' లేకుండా జవాబివ్వండి. ఇంట్లో తోడు లేకపోతే ఫోన్‌లో రికార్డు చేసుకుని మీకు మీరే అడుక్కోండి. ఒక్కొక్కటి పదిసార్లు.

"ఆర్ యు లాంగ్ హియర్?" (చాలా కాలమైందా వచ్చి?)
"యు డిడెంట్ బ్రింగ్ ఎ కోట్?" (మీరు నిజంగానే తేలేదు.)
"విల్ ఐ క్లోజ్ ద డోర్?" (వెయ్యమనండి.)
"హావ్ యు ఫార్ టు గో?" (దగ్గరే.)
"ఈజ్ ద బస్ ఆఫ్టర్ గోయింగ్?" (వెళ్ళిపోయింది.)

రెండోదాని దగ్గర నోరు తనంతట తానే 'యెస్' అంటుంది. అనకుండా ఉండేదాకా దాని దగ్గరే ఆగండి. జవాబులు నాలుగో పాఠం మొదట్లో ఇస్తాను. ఆ పాఠంలో 'త్రీ', 'ట్రీ' తేడా చూద్దాం. అక్కడ నాలుక పళ్ళకు ఆనించి పలికే మన 'త' నేరుగా పనికొస్తుంది.