డ్రయ్యర్ గుయ్‌మంటుంది కానీ తిరగదు: నా అనుభవం

మాది ఇరవై ఏళ్ల నాటి సెమీ ఆటోమేటిక్ వాషింగ్ మిషన్. ఉతికే టబ్బు ఇప్పటికీ గుండ్రాయిలా ఉంది. డ్రయ్యర్ మాత్రం మూత వేసి టైమర్ తిప్పితే గుయ్‌మని మూలుగుతుంది, తిరగదు. కెపాసిటర్ (మోటార్ తిరగడానికి ఊపునిచ్చే భాగం) మార్చాం, టైమర్ మార్చాం, ఆఖరికి మోటార్ పోయిందన్నారు.

తీరా చూస్తే బ్రేకు వైరు సాగింది, అంతే.

ముందు ప్లగ్గు పీకి, వెనక రేకు విప్పాను. కెపాసిటర్ జోలికి పోలేదు, ప్లగ్గు తీసినా అందులో కరెంటు మిగిలి ఉండొచ్చు. మూత వేసి, మోటార్ మీదున్న బ్రేకు డ్రమ్మును వేళ్లతో తిప్పాను. మూత వేసి ఉంటే అది తేలిగ్గా తిరగాలి. మాది కీచుమని ఆగింది. మూత వేసినప్పుడు వైరు లాగితే బ్రేకు ముక్క డ్రమ్మును వదలాలి, అది వదలడం లేదు.

వైరు కొసన కన్నాలున్న ప్లాస్టిక్ పట్టీ ఉంది. ఆత్రంగా రెండు కన్నాలు బిగించేశాను. డ్రయ్యర్ తిరిగింది కానీ మూత తీసినా ఆగలేదు. అది ప్రమాదం! ఒక కన్నం వెనక్కి తగిలిస్తే సరిపోయింది. బ్రేకును కదిలించే లివర్ కీలు దగ్గర తుప్పు గీకి ఒక చుక్క కుట్టుమిషన్ నూనె వేశాను. బ్రేకు ముక్కకు మాత్రం నూనె తగలనివ్వకండి.

అన్ని మిషన్లకూ ఇదే రోగమని చెప్పలేను. డ్రమ్ము చేత్తో తేలిగ్గా తిరుగుతూ కూడా మూలుగుతుంటే, అప్పుడు కెపాసిటర్‌నే అనుమానించండి.