కంప్యూటర్ సర్వీస్ షాపు సొంతంగా నడపాలంటే

"ఈ ఎస్‌ఎస్‌డీ అమెజాన్‌లో ఇంతకంటే తక్కువకే ఉంది కదండీ" అని, డేటా దాచే డ్రైవ్ ధరను కౌంటర్ దగ్గర ఫోన్‌లో చూపించే కస్టమర్ షాపు తెరిచిన మొదటి వారంలోనే వస్తాడు. అతని తప్పేం లేదు. మన ఊళ్ళలో రిపేర్ షాపులకు ఒక పాత అలవాటుంది, లేబర్ అడగడానికి మొహమాటపడి "ఫిటింగ్ ఫ్రీ సార్" అనేసి, ఆ డబ్బంతా పార్ట్ ధరలో కలిపేస్తారు. ధర ఎవరికీ తెలియని రోజుల్లో అది నడిచింది. ఇప్పుడు ధర అందరి జేబులోనూ ఉంది కాబట్టి కలిపితే మోసం చేసినట్టు కనిపిస్తారు, కలపకపోతే అద్దె కూడా గిట్టదు. అందుకే మొదటి రోజు నుంచీ బిల్లులో పార్ట్‌కి ఒక లైను, పనికి ఒక లైను రాయండి. ఎస్‌ఎస్‌డీ నేనే తెచ్చుకుంటానని కస్టమర్ అంటే సంతోషంగా తెచ్చుకోమనండి, దాని వారంటీ తలనొప్పి కూడా ఆయనే పడతాడు. పాత డ్రైవ్‌లో ఉన్నదంతా కొత్తదానిలోకి మార్చి, అన్నీ తెరుచుకుంటున్నాయో లేదో చూసి ఇచ్చినందుకు మీ డబ్బు మీకొస్తుంది.

చెకింగ్ చార్జీ కూడా అంతే. "చూడ్డానికి డబ్బులేంటి" అంటారు. చిన్న మొత్తం పెట్టి, రిపేర్ మన దగ్గరే చేయిస్తే బిల్లులో తగ్గిస్తామని గోడ మీద రాసి పెట్టండి. నోటితో చెప్పిన రేటుకు బేరం తప్పదు, బోర్డు మీద ఉన్నదానికి పెద్దగా బేరమాడరు.

కాగితాల పని అనుకున్నంత పెద్దది కాదు. చిన్న వ్యాపారాలకు ఇచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఆధార్‌తో పూర్తిగా ఉచితం, వేలల్లో ఫీజు అడిగేవి మధ్యవర్తుల సైట్లు. మున్సిపాలిటీ ట్రేడ్ లైసెన్సు, షాప్స్ యాక్ట్ కింద నమోదు చేయించుకోండి. జీఎస్టీ విషయంలో ఒకటి గుర్తుంచుకోవాలి. వస్తువులు మాత్రమే అమ్మేవాళ్ళకు ఆంధ్రప్రదేశ్‌లో పరిమితి ఏడాదికి 40 లక్షలు, కానీ మీరు సర్వీస్ కూడా చేస్తున్నారు కాబట్టి మీకు వర్తించేది 20 లక్షలే. తెలంగాణలో వస్తువులకైనా 20 లక్షలే. అంత టర్నోవర్ లేకపోయినా స్కూళ్ళు, ఆఫీసులు జీఎస్టీ బిల్లు లేకపోతే పని ఇవ్వలేమంటే అప్పుడు ముందే తీసుకోవడం గురించి ఆలోచించండి.

స్టాకు ఎక్కువ పెట్టుకోకండి. కంప్యూటర్ సామాన్ల మార్కెట్ అయిన సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో ఒకరిద్దరు డీలర్లతో పరిచయం పెంచుకుంటే చాలు, కావలసింది ఆర్టీసీ కార్గోలోనో కొరియర్‌లోనో వచ్చేస్తుంది. షాపులో ఉండాల్సింది పాత మెషీన్లకి సాటా ఎస్‌ఎస్‌డీ, కొత్తవాటికి ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ ఒక్కోటి, డీడీఆర్4 ర్యామ్, ఒక ఎస్‌ఎంపీఎస్ (డెస్క్‌టాప్‌కి కరెంటు ఇచ్చే డబ్బా), మదర్‌బోర్డులో వేసే సీఆర్2032 బ్యాటరీలు, ఎక్కువ అడిగే నాలుగైదు లాప్‌టాప్ చార్జర్లు. అన్ని మోడళ్ళ కీబోర్డులూ కొని అల్మారాలో పెడితే మీ పెట్టుబడి దుమ్ము పట్టిపోతుంది.

అసలు గొడవలన్నీ మెషీన్ తీసుకునేటప్పుడే మొదలవుతాయి. సీరియల్ నంబరు, చార్జర్ ఇచ్చారా లేదా, హింజ్ వదులుగా ఉందా, మూత మీద గీతలు, ఇంతకుముందు ఎవరైనా విప్పారా, ఏ డేటా పోకూడదు, ఇవన్నీ రాసిన స్లిప్పు లేకుండా ఒక్క లాప్‌టాప్ కూడా బెంచ్ ఎక్కకూడదు. నాలుగు వైపులా ఫొటోలు తీసి అక్కడికక్కడే వాళ్ళ వాట్సాప్‌కి పంపేయండి. ఎస్టిమేట్ కూడా వాట్సాప్‌లోనే పంపి, అటునుంచి "ఓకే" అని వచ్చాకే స్క్రూ విప్పండి. మూడు నెలలైనా తీసుకెళ్ళకపోతే బాధ్యత మాది కాదని స్లిప్పు మీద అచ్చు వేయించండి, అయినా వస్తువు మాత్రం పారేయకండి, ఆర్నెల్ల తర్వాత కూడా వస్తారు.

విప్పాక ముందు చూడాల్సింది డేటానే. డ్రైవ్ ఆరోగ్యం చూపే క్రిస్టల్ డిస్క్ ఇన్ఫోలో రీఅలోకేటెడ్, పెండింగ్ సెక్టార్లు (పాడైన, పాడవుతున్న చోట్లు) కనిపిస్తే విండోస్‌లోని చెక్ డిస్క్ నడపకండి, చావుబతుకుల్లో ఉన్న డ్రైవ్‌ని అది ఇంకా తిప్పుతుంది. ముందు డీడీరెస్క్యూ అనే ప్రోగ్రామ్‌తో ఇంకో డ్రైవ్‌లోకి ఇమేజ్, అంటే పూర్తి కాపీ, తీసుకుని, ఆ తర్వాత ఏ ప్రయోగమైనా ఆ కాపీ మీద చేయండి. లోపల టక్ టక్ శబ్దం వస్తుంటే కరెంటు తీసేసి, ఇది డేటా రికవరీ ల్యాబ్ పని అని చెప్పేయడమే మంచిది. విండోస్ 11 లాప్‌టాప్‌లలో డేటాకు తాళం వేసే ఎన్‌క్రిప్షన్ చాలాసార్లు దానంతటదే ఆన్ అయి ఉంటుంది. బోర్డు మార్చినా, విండోస్ కంటే ముందు నడిచే బయాస్‌లో కొన్ని సెట్టింగులు కదిపినా 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది, అది మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉంటుంది, ఆ అకౌంట్ ఏమో లాప్‌టాప్ అమ్మిన కుర్రాడు ఆ రోజు ఏదో మెయిల్ ఐడీతో తెరిచినది, దాని పాస్‌వర్డ్ ఇంట్లో ఎవరికీ తెలియదు. మెషీన్ ఇంకా ఆన్ అవుతున్నప్పుడే ఆ కీ తీసి పెట్టించండి. ఇక షాపులో కుర్రాళ్ళెవరూ కస్టమర్ ఫొటోల ఫోల్డర్ తెరవకూడదు, దీనికి మినహాయింపు లేదు. బెంచ్ కూడా కౌంటర్ నుంచి కనిపించేలా ఉంటే అనుమానమే రాదు.

విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది, ఇప్పుడేం చేయాలనే ప్రశ్నతో వచ్చేవాళ్ళు ఎక్కువ. ఇంటెల్ అయితే ఎనిమిదో తరానికి ముందు ప్రాసెసర్లు దాదాపు అన్నీ విండోస్ 11కి అధికారికంగా సరిపోవు, టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్పు కూడా కావాలి. రూఫస్ అనే ప్రోగ్రామ్‌తో ఆ చెకింగ్ దాటించి ఎక్కించవచ్చు, చేస్తే ఆ మాట బిల్లు మీద రాయండి. "క్రాక్ వేసిపెట్టండి" అంటే మాత్రం వద్దనండి. పైరసీ సాఫ్ట్‌వేర్ అని తెలిసీ వాడితే కాపీరైట్ చట్టం 63బీ కింద జైలు, జరిమానా ఉన్నాయి. అదలా ఉంచితే, ఆ యాక్టివేటర్లతో పాటు వచ్చే వైరస్‌కి రేపు తప్పుపట్టేది మిమ్మల్నే.

ఇంత చేసినా రిపేర్ మీద వచ్చే డబ్బు ఒక నెల ఉంటుంది, ఒక నెల ఉండదు. షాపు నిలిచేది క్లినిక్కులు, స్కూళ్ళు, ఆడిటర్ ఆఫీసులు, బిల్లింగ్ ఉన్న మెడికల్ షాపుల నెట్‌వర్క్ పని మీద. అలాంటి చోటికి మొదటిసారి వెళ్ళినప్పుడు ఏమీ కదపకుండా ఒక బొమ్మ గీయండి. ఫైబర్ బాక్స్ ఎక్కడ, రౌటర్ ఎక్కడ, స్విచ్‌లో ఏ కేబుల్ ఏ గదికి పోతోంది, ప్రింటర్ ఐపీ ఎంత. "నెట్ వస్తూ పోతూ ఉంది" అనే ఫిర్యాదుల్లో చాలావాటికి కారణం ఆ బొమ్మలోనే దొరుకుతుంది. ఫైబర్ బాక్స్‌దీ, తర్వాత ఎవరో కొని తగిలించిన రౌటర్‌దీ రెండింటి అడ్రసూ 192.168.1.1 అయి ఉంటుంది, రెండూ ఐపీలు పంచుతూ ఉంటాయి. ఒకదానిలో ఆ ఐపీలు పంచే డీహెచ్‌సీపీ ఆపి అడ్రస్ మార్చితే అయిపోతుంది. వైఫై 2.4 గిగాహెర్ట్జ్‌లో 1, 6, 11 చానెళ్ళలో ఏదో ఒకటి పెట్టండి, రౌటర్‌ని ఇనుప బీరువా వెనక నుంచి బయటికి తీయించండి.

కేబుల్ దగ్గర పిసినారితనం వద్దు. చవగ్గా దొరికే క్యాట్ 6లో చాలావరకు రాగి పూత పూసిన అల్యూమినియం, బ్లేడుతో గీరితే లోపల తెల్లగా మెరుస్తుంది. దాని మీద పీఓఈ కెమెరాలు (అదే కేబుల్ నుంచి కరెంటు తీసుకునేవి) పెడితే దూరం పెరిగే కొద్దీ ఆగి ఆగి పనిచేస్తాయి. మంచి రాగి కేబులైనా 100 మీటర్లే లెక్క. ఒక బిల్డింగ్ నుంచి ఇంకో బిల్డింగ్‌కి బయట నుంచి లాగాలంటే ఫైబరే వేయండి, లేకపోతే మొదటి ఉరుముల వానకే రెండు వైపులా స్విచ్ పోర్టులు కాలిపోతాయి. పోర్టులు తరచూ పోతున్న చోట మల్టీమీటర్‌తో న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య వోల్టేజీ చూడండి, రెండు మూడు వోల్టులు దాటితే ఎలక్ట్రీషియన్‌ని పిలిపించాలి.

ఆఫీసు లెక్కల ట్యాలీ ఇంటినుంచి చూసుకోవాలని ఎవరో రిమోట్ డెస్క్‌టాప్ పోర్ట్ 3389ని నేరుగా ఇంటర్నెట్‌కి తెరిచి ఉంటారు. కనిపించిన వెంటనే మూయించి వీపీఎన్ (బయటివాళ్ళకి తెరుచుకోని ప్రైవేటు దారి) పెట్టండి, ఫైళ్ళు లాక్ చేసి డబ్బు అడిగే రాన్సమ్‌వేర్ వచ్చే దారుల్లో అది ముఖ్యమైనది. బ్యాకప్ డిస్కు ఎప్పుడూ మెషీన్‌కే తగిలించి ఉంటే దాన్ని కూడా లాక్ చేసేస్తుంది, అందుకే రెండు డిస్కులు, వారం వారం మార్చుకుంటూ.

ఏఎంసీ, అంటే ఏడాది మెయింటెనెన్స్ ఒప్పందం, రాసుకునేటప్పుడు ఏది వస్తుందో కన్నా ఏది రాదో స్పష్టంగా ఉండాలి. ఎన్ని మెషీన్లు, ఏ టైములో వస్తారు, పార్టులు వేరు, ప్రింటర్లు వేరు, సీసీ కెమెరాలు వేరు. లేకపోతే ఓనరు గారబ్బాయి గేమింగ్ పీసీ కూడా అందులోకే వస్తుంది. డబ్బు మూడు నెలలకోసారి ముందే తీసుకోండి. రౌటర్, కెమెరా రికార్డింగ్ డీవీఆర్ పాస్‌వర్డులు రాసి సీల్ చేసిన కవర్‌లో వాళ్ళకే ఇవ్వండి, పాస్‌వర్డ్ మన దగ్గర దాచుకుంటే కస్టమర్ కదలడనుకోవడం చెత్త అలవాటు.

బాకీలు పేరుకుంటే ఉద్యమ్ నంబరు పనికొస్తుంది. ఎంఎస్‌ఎంఈ చట్టం ప్రకారం చిన్న సంస్థకు ఇవ్వాల్సిన డబ్బు రాతలో ఒప్పందం ఉంటే ఎక్కువలో ఎక్కువ 45 రోజుల్లో, లేకపోతే 15 రోజుల్లో ఇచ్చేయాలి. ఆ నంబరు, గడువు తేదీ ప్రతి బిల్లు మీదా ఉంటే వాళ్ళ ఆడిటరే గుర్తుచేస్తాడు.

బంధువుల లాప్‌టాప్‌లకి కూడా స్లిప్పు రాయండి. డబ్బు తీసుకోకపోయినా లేబర్ ఎంతయ్యేదో వేసి, దాని కింద డిస్కౌంట్ చూపించండి. రేపు బాబాయి పంపించే ఆఫీసు స్నేహితుడు మీ రేటు తెలుసుకునే వస్తాడు.