లేడీ డాక్టరు దగ్గర మగవాళ్లు పరీక్ష చేయించుకోవడం ఎలా?

ప్రభుత్వాసుపత్రి సర్జరీ ఓపీలో 22 ఏళ్లుగా మగ నర్సుగా పనిచేస్తున్నాను. రోగులు నన్ను బ్రదర్ అంటారు. లోపల లేడీ డాక్టరు ఉన్న రోజున మగవాళ్లు ఒక్కొక్కరే నా దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి ఒకటే అడుగుతారు: “మగ డాక్టరు లేరా బ్రదర్?” లేరంటే కొందరు ఓపీ చీటీ మడిచి జేబులో పెట్టుకుని ఇంటిదారి పడతారు. కొందరు లోపలికి వెళ్తారు గానీ, అసలు బాధ దాచి గ్యాస్ మాత్రలు రాయించుకుని బయటపడతారు. వారిమీద నాకు కోపం కంటే దిగులే ఎక్కువ. కానీ అదే తప్పు ఏళ్ల తరబడి చూస్తుంటే ఓపిక నశిస్తుంది.

“మగవాడివి, నీకు సిగ్గేమిటి?” అని దయచేసి ఎవరూ ఎవరితోనూ అనకండి. మగవాడికీ సిగ్గు ఉంటుంది. ఇంట్లో తలుపు గడియ వేసుకుని బట్టలు మార్చుకునే మనిషిని, కూతురి వయసున్న డాక్టరమ్మ ముందు లుంగీ జరపమంటే గుండె దడదడలాడదా? ఆ సిగ్గును పోగొట్టే మంత్రం నా దగ్గర లేదు. సిగ్గు ఉండగానే పరీక్ష సవ్యంగా ఎలా చేయించుకోవాలో మాత్రం తెలుసు.

చీటీ దగ్గరే అడగండి

మగ డాక్టరే కావాలనుకుంటే ఆ మాట ఓపీ చీటీ రాసేచోట అడగాలి. అడగడం తప్పు కాదు. పక్క గదిలో ఉంటే అక్కడికే రాస్తారు. రేపు వస్తారంటే, ఆగదగిన బాధ అయితే రేపు రండి. డాక్టరమ్మ చేతికి గ్లవ్స్ తొడుక్కున్నాక “పెద్ద డాక్టరు లేరా?” అనడం మాత్రం ఆమెను అవమానించడమే. ఆ గదిలో పెద్ద డాక్టరు ఆమే కావచ్చు. రాత్రిపూట క్యాజువాలిటీలో చాలాసార్లు ఒక్క డ్యూటీ డాక్టరే ఉంటారు, అక్కడ ఎంచుకునే వీలుండదు.

ఆమెను సిస్టర్ అనో నర్సమ్మ అనో పిలవకండి. మేడమ్ అనండి, డాక్టరుగారూ అనండి. నర్సు ఉద్యోగం చిన్నదని కాదు, నాదీ అదే ఉద్యోగం. ఎదుట కూర్చున్నది డాక్టరని మీ మనసు ఒప్పుకోకపోతే, ఆమె అడిగే ప్రశ్నలు డాక్టరు అడిగే ప్రశ్నల్లా మీ చెవికి వినిపించవు. ఆడవాళ్లు డాక్టర్లు కావడం నిన్న మొన్నటి సంగతి అనుకునేవారు మనలో ఇంకా ఉన్నారు. 1880ల చివరికే హైదరాబాద్‌లో రూపాబాయి ఫర్దూన్‌జీ క్లోరోఫామ్ ఇవ్వడం నేర్చుకుని ఆపరేషన్లకు మత్తు ఇచ్చేవారు. ప్రపంచంలోనే మొదటి మహిళా మత్తు డాక్టరుగా ఆమెను చెప్పుకుంటారు.

బట్టలు, తోడు

లుంగీ గానీ పంచె గానీ కట్టుకోండి, లోపల శుభ్రమైన డ్రాయరు. జీన్స్ ప్యాంటు వద్దే వద్దు. బెల్టు, గుండీ, జిప్పు విప్పేసరికి చేతులు వణకడం మొదలవుతుంది. లుంగీ అయితే చూపించవలసిన మేరకే పక్కకు జరుపుకోవచ్చు, మిగతాదంతా కప్పే ఉంటుంది. ప్యాంటు తప్ప అలవాటు లేనివారు నాడా పైజామా వేసుకోండి. ఉదయం స్నానం చేసి రండి. పౌడరు, ఆకు పసరు, ఆయింట్‌మెంటు ఏవీ రాసుకోకండి, వాటి కింద చర్మం రంగు తెలియదు. గజ్జల్లో వాపు పడుకుంటే లోపలికి పోయే రకమైతే, దాన్ని నొక్కి సర్దుకుని రాకండి. కాసేపు నడిచి రండి, అప్పుడు అది కనిపిస్తుంది.

తోడుగా ఒక్కరు చాలు, ఆ ఒక్కరు బావమరిది కాకూడదు. భార్య వస్తే మంచిదే, కానీ మీ తరఫున ఆమె మాట్లాడకూడదు. బాధ మీది, మాట కూడా మీదే కావాలి.

మొదటి వాక్యం

నేను చూసిన తప్పుల్లో ఎక్కువ ఇక్కడ జరిగినవే. “ఏమిటండీ సమస్య?” అని డాక్టరమ్మ అడగగానే మీ నోటి నుంచి వచ్చే మొదటి వాక్యంలో అవయవం పేరు ఉండాలి. ‘కింద’, ‘అక్కడ’, ‘ఆ చోట’, ‘కాస్త ఇబ్బంది’, ఇవి అవయవాల పేర్లు కావు. “మేడమ్, కుడి వృషణం వాచింది, నెల రోజులైంది.” “మలద్వారం దగ్గర రక్తం పడుతోంది.” “పురుషాంగం చివర పుండు లేచింది.” ఇలా చెప్పాలి. ఏ అవయవం, ఏ వైపు, ఎన్నాళ్లుగా. ఈ మూడూ వస్తే మిగతావి ఆమె అడుగుతారు.

పుస్తకాల మాట నోరు తిరగకపోతే ఇంట్లో వాడే మాటే చెప్పండి. మేడమ్ కూడా ఇక్కడ పుట్టి పెరిగినవారే, ఆ మాట వినగానే ఆమెకు అర్థమవుతుంది, తప్పుగా అనుకోరు. వరిబీజం అనే మాటతో మాత్రం జాగ్రత్త. మనవాళ్లు వృషణాల సంచిలో నీరు చేరినా వరిబీజం అంటారు, పేగు గజ్జల్లోకి జారినా వరిబీజమే అంటారు. రెండూ వేరు, వైద్యాలూ వేరు. అందుకని పేరు చెప్పి ఊరుకోకుండా, బట్టల మీద నుంచే వేలితో చూపించండి. బోదకాలు ఉన్న ఊరి నుంచి వచ్చినవారైతే అది కూడా చెప్పండి. ఫైలేరియా వల్ల సంచిలో నీరు చేరడం మన జిల్లాల్లో చాలా చూశాను.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానో ఒక సంగతి చెబితే తెలుస్తుంది. చాలా ఏళ్ల క్రితం ఒక రాత్రి ఇంటర్ చదివే కుర్రాడిని తండ్రి తీసుకొచ్చాడు. అబ్బాయి ముందుకు వంగి, రెండు చేతులతో ప్యాంటు నడుం దగ్గర గట్టిగా పట్టుకుని ఉన్నాడు. రెండుసార్లు వాంతి అయింది. డ్యూటీలో ఉన్న డాక్టరమ్మను చూసి “కడుపు నొప్పి” అన్నాడు. ఆమె కడుపు నొక్కి చూశారు. ప్యాంటు కిందికి జరపమంటే తల అడ్డంగా ఊపాడు. ఆమె ఇంకోసారి అడిగి ఉండవలసింది. నేను ఆ చేతులు చూశాను, ఎందుకలా పట్టుకున్నావని నేనూ అడిగి ఉండవలసింది. ఇంజెక్షన్ చేసి పంపించాం. మర్నాడు సాయంత్రం మళ్లీ తీసుకొచ్చారు. ఎడమ వృషణం మెలి తిరిగి, రక్తం అందక నల్లబడిపోయింది. తీసేయవలసి వచ్చింది.

వృషణం మెలి తిరిగితే ఆ నొప్పి పొత్తికడుపులోకి పాకుతుంది, వాంతులూ అవుతాయి. కుర్రాడు కడుపు నొప్పి అని చెప్పింది అబద్ధం కాదు, సగం నిజం. అలాంటి నొప్పి వచ్చాక 6 గంటల లోపల ఆపరేషన్ చేస్తే వృషణం దక్కే అవకాశం బాగా ఉంటుంది. ఆ తర్వాత గడిచే ప్రతి గంటకూ అవకాశం తగ్గిపోతుంది. అందుకే, ఉన్నట్టుండి వృషణంలో తీవ్రమైన నొప్పి వస్తే మగ డాక్టరు కోసం తెల్లవారేదాకా ఆగకండి. డ్యూటీలో ఎవరుంటే వారికి చూపించండి. ఇంట్లో ఎదిగిన కొడుకున్న తల్లిదండ్రులు ఈ ఒక్క ముక్క అతని చెవిన వేయండి.

నోరు పెగలకపోతే ఏం చేయాలి? సిగ్గునే ముందు చెప్పండి. “మేడమ్, చెప్పడానికి ఇబ్బందిగా ఉంది. బాధ వృషణం దగ్గర.” సిగ్గు బయటికి చెప్పేశాక మిగతా మాట దాని వెంటే వచ్చేస్తుంది. నా కళ్ల ముందు ఇది పనిచేయడం వందలసార్లు చూశాను. పైగా అలా అనగానే ఏ డాక్టరమ్మ అయినా నెమ్మదిస్తారు, తలుపు దగ్గరికి వేయమంటారు, పక్కన ఉన్నవారిని బయటికి పంపుతారు.

కాగితం మీద రాసి ఇవ్వమని కొందరు సలహా ఇస్తారు. నేను ఒప్పుకోను. ఆ కాగితం బల్ల మీద పడి ఉంటుంది, వచ్చేపోయే ప్రతి ఒక్కరి కంటా పడుతుంది. డాక్టరమ్మను అక్కగానో చెల్లెలుగానో అనుకోమని చెప్పేవారూ ఉన్నారు. అక్క ముందు ఈ మాటలు ఎవరు మాట్లాడగలరు? డాక్టరు అనుకోండి, అది చాలు.

షుగరు, గుండె జబ్బు ఉన్నవారికి ఇంకో హెచ్చరిక. అంగం గట్టిపడటం లేదన్న సంగతి లేడీ డాక్టరుకు చెప్పలేక, మందుల షాపులో మాత్రలు కొని రహస్యంగా వేసుకునేవారు ఉన్నారు. గుండె నొప్పికి నాలుక కింద పెట్టుకునే మాత్రతో ఆ మాత్ర కలిస్తే బీపీ ఒక్కసారిగా పడిపోతుంది, ప్రాణం మీదికి వస్తుంది. ఏ మందులు వాడుతున్నారని అడిగినప్పుడు ఆ పేరు కూడా చెప్పాలి. అసలు ఆ లోపమే షుగరుకో, రక్తనాళాలు మూసుకుపోవడానికో మొదటి గుర్తు కావచ్చు. అందుకే అది డాక్టరుకు తెలియాలి.

తెర వెనక

పరీక్షకు ముందు ఏం చేయబోతున్నారో ఆమె చెప్పాలి, మీరు సరే అనాలి. తెర పూర్తిగా లాగి ఉండాలి. సందు ఉంటే “తెర సరిగా వేయండి” అని అడగండి. నాకు చెప్పినా నేను వేస్తాను. జాతీయ మానవ హక్కుల కమిషన్ 2018లో సిద్ధం చేసిన రోగుల హక్కుల పత్రంలో పరీక్ష సమయంలో ఏకాంతం రోగి హక్కని ఉంది. మగ డాక్టరు చూసేటప్పుడు మహిళా రోగి పక్కన మరో మహిళ ఉండే హక్కు కూడా అందులో ఉంది. మగ రోగి కూడా పక్కన మగ నర్సును ఉంచమని అడగవచ్చు. అడిగినవారి పక్కన నేను నిలబడతాను, ఇది డాక్టరమ్మకూ మంచిదే. మెడికల్ కాలేజీ ఆసుపత్రి అయితే వెనకాల నలుగురైదుగురు విద్యార్థులు ఉండవచ్చు. వద్దనుకుంటే వద్దనండి. వైద్యం ఆగదు.

గజ్జల్లో వాపు చూసేటప్పుడు నిలబెట్టి, తల పక్కకు తిప్పి దగ్గమంటారు. గట్టిగా దగ్గాలి. మొహమాటానికి గొంతులోనే దగ్గితే పేగు జారుతోందో లేదో చేతికి తెలియదు. మూలవ్యాధికీ, యాభై దాటిన వారిలో మూత్రాశయం కింద ఉండే ప్రోస్టేట్ గ్రంథికీ మలద్వారంలో వేలు పెట్టి చూస్తారు. ఎడమవైపు ఒత్తిగిలి, మోకాళ్లు పొట్ట దగ్గరికి ముడుచుకుని, నోటితో ఊపిరి వదలండి. బిగబట్టకపోతే ఒక్క నిమిషంలో అయిపోతుంది. నొప్పి పెడితే ఆగమని చెప్పండి, ఆగుతారు.

సంచిలో నీరుందని అనుమానం వస్తే గదిలో లైటు ఆర్పుతారు. భయపడకండి, అది టార్చి పరీక్ష. వెనక నుంచి టార్చి ఆనిస్తే, లోపల ఉన్నది నీరైతే ఆ వాపంతా ఎర్రగా వెలుగుతుంది. పేగు అయితే వెలుతురు దాటదు. ఒక పెద్దాయన అంతసేపూ కళ్లు మూసుకునే ఉండి, మేడమ్ “చూడండి తాతా, నీరే” అనగానే కళ్లు తెరిచాడు. పదిహేనేళ్లుగా పంచె కింద దాచుకు తిరిగిన వాపు దీపంలా వెలుగుతుంటే చూసి, “ఇంతేనా అమ్మా?” అన్నాడు. ఆ తర్వాత ఆమె అడిగినవాటన్నిటికీ కళ్లలోకి చూసి జవాబు చెప్పాడు.

ఎక్కువమంది లోలోపల భయపడేది ఇంకొకటుంది: చేయి తగిలితే అంగం గట్టిపడుతుందేమోనని. పడవచ్చు. నరాలు చేసే పని అది, మీ ఉద్దేశంతో దానికి సంబంధం లేదు. డాక్టర్లకు చదువుకునే రోజుల్లోనే ఇది తెలుసు. “క్షమించండి మేడమ్” అని ఊరుకోండి. ఆమె కాసేపు ఆగి పని కొనసాగిస్తారు. జోకు వేయకండి, నవ్వకండి. అక్కడ జోకు వేస్తే అది వేరే అర్థంలోకి పోతుంది. ఎదుటివారు నవ్వినా, చులకనగా మాట్లాడినా మీరూ ఊరుకోనవసరం లేదు. తెర వెనక నుంచి నవ్వు వినిపించిందని చెప్పుకుని కళ్లనీళ్లు పెట్టుకున్న మగవాళ్లను చూశాను. అలాంటిది జరిగితే సూపరింటెండెంటుకు రాసి ఇవ్వండి.

బట్టలు సర్దుకున్నాక

పరీక్ష అవగానే ముడి బిగించుకుంటూ తలుపు వైపు పరుగెత్తకండి. బట్టలు సర్దుకుని, మళ్లీ కుర్చీలో కూర్చోండి. జబ్బు పేరేమిటి, ఆపరేషన్ కావాలా, ఎన్నాళ్లు ఆగవచ్చు అని అడిగి చీటీ మీద రాయించుకోండి. స్కానింగ్ రాస్తే అదే రోజు వెళ్లండి. అక్కడ కూడా లేడీ డాక్టరే ఉండవచ్చు. మళ్లీ అదే మొదటి వాక్యంతో మొదలుపెట్టండి: ఏ అవయవం, ఏ వైపు, ఎన్నాళ్లుగా.