క్వాంటమ్ సర్క్యూట్‌లో నాయిస్: దోషం ఎక్కడుందో పట్టుకోవడం ఎలా?

సమస్య: బెల్ జంటలో 01, 10 కనిపిస్తున్నాయి

బెల్ జంట అంటే ఒకదానితో ఒకటి ముడిపడ్డ రెండు క్యూబిట్లు (క్వాంటమ్ బిట్లు). దాన్ని తయారుచేయడానికి మొదటి క్యూబిట్‌కు హెచ్ గేట్ (0, 1లను చెరిసగం కలిపేది), ఆ తర్వాత సీనాట్ (మొదటిది 1 అయితే రెండోదాన్ని తిప్పేది). లెక్క ప్రకారం 00, 11 చెరిసగం రావాలి. అసలు యంత్రం మీద 4,000 షాట్లు (సర్క్యూట్‌ను ఒకసారి నడిపి కొలిస్తే ఒక షాట్) నడిపితే రాకూడనివీ వస్తాయి. ఇలా ఫలితాన్ని చెడగొట్టే అలజడే నాయిస్. చాలామంది వెంటనే గేట్ల మీద పడతారు. నేనైతే ముందు కొలతను అనుమానిస్తాను.

ఏ గేటూ పెట్టకుండా రెండు క్యూబిట్లనూ కొలిచి చూడండి. అంతా 00 రావాలి. తర్వాత రెండింటికీ ఎక్స్ గేట్ (0ను 1గా, 1ను 0గా తిప్పేది) పెట్టి కొలవండి. సూపర్‌కండక్టింగ్ యంత్రాల్లో సాధారణంగా ఈ రెండోసారే తప్పులు ఎక్కువ. 1 అన్నది శక్తి ఎక్కువున్న స్థితి. కొలత ముగిసేలోపే ఒక్కోసారి 0కు జారిపోతుంది.

పరిష్కారం: 00, 01, 10, 11 నాలుగింటినీ విడివిడిగా సిద్ధం చేసి కొలిచి, ఏది ఎంత వంతు ఏదిగా నమోదైందో 4×4 పట్టిక వేసుకోండి. దాని విలోమంతో (ఇన్వర్స్ మాట్రిక్స్‌తో) ఫలితాలను గుణించండి. అప్పుడప్పుడు 10 వచ్చింది 'మైనస్ 7 సార్లు' అని తేలుతుంది! షాట్లు పరిమితం కావడమే అందుకు కారణం. సున్నాకు తగ్గని విలువల్లో ఆ లెక్కకు అతి దగ్గరగా ఉన్నవి తీసుకోండి. 10 క్యూబిట్లయితే పట్టికకు 1,024 వరుసలు కావాలి. అక్కడ క్యూబిట్‌కొక చిన్న పట్టికతో సరిపెట్టుకోవాలి.

సమస్య: ఖాళీగా ఉన్న క్యూబిట్ పాడవుతోంది

పక్కవాటి మీద గేట్లు నడుస్తుంటే ఇది ఊరికే ఉండి ఫేజ్ (దాని 0, 1 భాగాల మధ్య ఉండే తరంగ తేడా) పోగొట్టుకుంటుంది. ఆ విరామం నడుమ ఒక ఎక్స్ పల్స్, చివర మరొకటి వేయండి. నాయిస్ నెమ్మదిగా మారేదైతే మొదటి సగంలో పోగైన తేడా రెండో సగంలో రద్దవుతుంది. 1950లో ఎర్విన్ హాన్ చూపిన స్పిన్ ఎకో ఉపాయమే ఇది. శక్తి కోల్పోయి 0కు పడిపోవడాన్ని మాత్రం ఆపలేదు.

సమస్య: సర్క్యూట్ పొడవయ్యేకొద్దీ సగటు విలువలు సున్నా వైపు జారుతున్నాయి

రెండు క్యూబిట్ల గేట్లలో దోషం పోగుపడుతోంది. దీనికి వైద్యం విచిత్రం: నాయిస్‌ను కావాలని పెంచడం. సీనాట్ రెండుసార్లు వేస్తే ఏమీ వేయనట్టే కాబట్టి, ఒక్కోదాని బదులు మూడు పెట్టండి. జెడ్‌జెడ్ సగటు (రెండు క్యూబిట్లూ ఒకేలా వస్తే +1, వేర్వేరుగా వస్తే -1 అని వేసే సగటు) 0.90 నుంచి 0.72కు తగ్గిందనుకుందాం. సరళరేఖ గీసి వెనక్కి, సున్నా నాయిస్ దాకా వెళితే 0.99. ఘాతీయ వక్రం గీస్తే 1.006, అంటే అసలు సాధ్యం కాని విలువ. జవాబులో కొంత వాటా మీరు ఎంచుకున్న గీతది. అందుకే ఐదు సీనాట్లతో మూడో బిందువు కూడా తీసుకోండి.

మూడు పెట్టినా విలువ కదల్లేదా? సంబరపడకండి. జంట సీనాట్లను కంపైలర్ (సర్క్యూట్‌ను యంత్రానికి తగ్గట్టు మార్చే సాఫ్ట్‌వేర్) కొట్టేసి ఉంటుంది. మధ్యలో బ్యారియర్ (ఈ గేట్లను కలిపేయొద్దని కంపైలర్‌కు చెప్పే గుర్తు) పెట్టి మళ్లీ నడపండి.