అంబులెన్స్‌లో అల్ట్రాసౌండ్: బొమ్మ కుదరనప్పుడు

బెంగళూరులో అంబులెన్సుల మీద పనిచేసే మన తెలుగు కుర్రాళ్ల కోసం ఇది. స్కాన్ కోసం బండి ఆపొద్దు. సిల్క్ బోర్డ్ కూడలి ట్రాఫిక్‌లో ఎలాగూ ఆగుతుంది, అప్పుడు చూడండి.

తెర నల్లగా ఉంది
చాలాసార్లు జెల్ చాలకపోవడమే. గెయిన్ (బొమ్మ వెలుతురు) కూడా పెంచి చూడండి. ప్రోబ్ అంటే ఒంటికి ఆనించే పరికరం; పొట్ట మీద లీనియర్ ప్రోబ్ (పైపైన ఉన్నవి చూసేది) పెడితే లోతుకు అందదు. చేతి ప్రోబ్ బాగా వేడెక్కితే దానంతటదే ఆగిపోతుంది, పని లేనప్పుడు ఫ్రీజ్ బటన్ నొక్కి బొమ్మను ఆపి ఉంచండి.

ఊపిరితిత్తి జారడం లేదు
ఊపిరి తీసినప్పుడల్లా ఊపిరితిత్తి పొర ఛాతీ గోడ లోపల తెల్లగీతలా జారుతూ కనిపించాలి. అలా జారకపోతే వెంటనే న్యూమోథొరాక్స్ (ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరడం) అనుకుని గాలి తీసే సూది పట్టుకోకండి. గొంతులో శ్వాస ట్యూబ్ వేశాక ఎడమవైపు మాత్రమే జారడం ఆగిందా? ట్యూబ్ లోతుకెళ్లి కుడి శ్వాసనాళంలో దిగి ఉండొచ్చు. ట్యూబ్ మీద పళ్ల దగ్గరున్న అంకె చూసి, కాస్త వెనక్కి లాగి, మళ్లీ చూడండి. పాత టీబీ వల్ల పొరలు అతుక్కున్నా జారదు. ఆ తెల్లగీత గుండెతో పాటు అదురుతుంటే ప్రోబ్ పెట్టిన చోట గాలి లేనట్టే. జారే అంచు, జారని అంచు ఒకే చోట కలిస్తే మాత్రం అది న్యూమోథొరాక్సే. బండి కుదుపు కూడా జారినట్టే కనిపిస్తుంది, అందుకే చిటికెన వేలు ఛాతీకి ఆనించి పట్టుకోండి. ఊపిరాడక బీపీ పడిపోతుంటే మాత్రం బొమ్మ కోసం ఆగకుండా ప్రోటోకాల్ ప్రకారం గాలి తీయాల్సిందే.

పొట్టలో రక్తం లేదు, బీపీ మాత్రం దిగుతోంది
నన్ను ఎక్కువ భయపెట్టేది ఇదే. రక్తం 200 మిల్లీలీటర్ల లోపుంటే తరచూ కనపడదు. కటి ఎముక విరిగి వెనక కారేది, తొడలో చేరేది ఈ స్కాన్‌కు అందదు. హోసూరు రోడ్డులో బైకు మీంచి పడిన హిందూపురం అబ్బాయికి మొదట ఏమీ కనపడలేదు. "బాగుండాడనే కదా సార్?" అని భార్య అడిగింది. ఔననబోయి ఆగాను. ఆసుపత్రి గేటు దగ్గర మళ్లీ చూస్తే కాలేయానికీ మూత్రపిండానికీ మధ్య సన్నటి నల్లచార, అంటే రక్తం. అందుకే రెండోసారి చూడండి, ఆసుపత్రికి "నెగెటివ్" అనకుండా "ఇన్ని గంటలకు కనపడలేదు" అని చెప్పండి.

స్కాన్ వల్ల సీపీఆర్ ఆగుతోంది
సీపీఆర్‌లో (గుండె ఆగినవారికి) ఛాతీ నొక్కుతుండగానే ప్రోబ్ అమర్చుకోండి. నాడి చూసే 10 సెకన్లలో క్లిప్ రికార్డు చేసి, నొక్కడం మొదలయ్యాకే దాన్ని చూడండి.

తనిఖీలో మెషీన్ పట్టుకున్నారు
1994 నాటి లింగనిర్ధారణ నిషేధ చట్టం కింద అల్ట్రాసౌండ్‌కు రిజిస్ట్రేషన్ తప్పనిసరి, కదిలే మెషీన్లకు నిబంధనలు ఇంకా కఠినం. కాగితాల నకలు బండిలోనే ఉంచండి. గర్భిణిని స్కాన్ చేస్తే ఫారం ఎఫ్ (ఆ స్కాన్ వివరాల ఫారం) ఆ రోజే నింపించండి.